ఆప్షన్ల వరుస ఎవరు రాయాలి?

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. నేను ఇంటర్ దాకా చదివాను. మా పాపకు ఈసారి ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 20 వేల దగ్గర ర్యాంకు వచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ తాత బావి దగ్గర మోటారు స్టార్టర్ విప్పితే పక్కనే కూర్చుని చూసేది. ఇంటర్ రెండేళ్ళూ ఎలక్ట్రికల్ చదువుతానంది. పోయిన నెల ఫోన్‌లో ఏఐని అడిగితే కంప్యూటర్ సైన్సే మంచిదని చెప్పిందట. అప్పటి నుంచి తనదీ అదే మాట. ఏ కాలేజీలో ఏ బ్రాంచి కావాలో వరుసగా పెట్టే వెబ్ ఆప్షన్ల లిస్టు కూడా దానితోనే రాయించింది. నేనేమన్నా అంటే మా ఆయన "మనకన్నా దానికే ఎక్కువ తెలుసు, నువ్వు మధ్యలో రాకు" అంటున్నారు. ఒక్క చదువే కాదు, ఏ డ్రెస్ వేసుకోవాలి, స్నేహితురాలు అలిగితే ఏం మెసేజ్ పెట్టాలి, అన్నీ దాన్నే అడుగుతుంది. రాత్రి దానితో మాట్లాడుతూనే పడుకుంటుంది. ఫోన్ లాక్కోవాలా? ఇంటర్ చదివిన నేను దానితో వాదించగలనా? ఆప్షన్లు పెట్టడానికి ఇంకా పది రోజులే ఉంది.
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు:

అమ్మా, మీ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. ఫోన్ లాక్కోవద్దు. ఏఐతో వాదించడానికి మీ చదువు చాలదన్న దిగులూ పెట్టుకోవద్దు. ఇక్కడ తేలాల్సింది మీ అమ్మాయికి ఏం కావాలన్నది. ఆమెను పుట్టినప్పటి నుంచి చూస్తున్న మీకు ఆ విషయంలో తెలిసినంత ఫోన్‌కు తెలియదు. మీకన్నా బాగా ఆమెకు తెలియాలి. ఇప్పుడు ఆమెకే అది సరిగా తెలియకుండా పోతోందేమోనన్నది నా బెంగ.

ఏఐ మీద కోపంతో ఇది రాయడం లేదు. మీలాంటి ఇళ్ళకు అది చేసే మేలు పెద్దది. ఇంట్లో ఇంజనీరింగ్ చదివినవాళ్ళు ఒక్కరూ లేనప్పుడు ఇన్నాళ్ళూ ఎవరిని అడిగేవాళ్ళం? హైదరాబాద్‌లో ఉండే బావగారినో, కాలేజీ తరఫున ఇళ్ళ చుట్టూ తిరిగే పీఆర్వోనో, డబ్బులు తీసుకుని ఆప్షన్లు పెట్టిచ్చే కన్సల్టెన్సీనో. మేనమామ మాట కాదనలేక సివిల్‌లో చేరినవాళ్ళను, నాన్న కోసం బైపీసీ తీసుకుని రెండేళ్ళు ఏడ్చినవాళ్ళను నేను క్లాసులో చూశాను. అంతకుముందు పిల్లలంతా తమ దారి తామే ఎంచుకునేవాళ్ళని, ఏఐ వచ్చి దాన్ని పాడు చేసిందని నేను అనను. ఈరోజు మీ పాప అర్ధరాత్రి పూట తెలుగులోనే, ఎవరేమనుకుంటారోనన్న సిగ్గు లేకుండా, "ట్రాన్స్‌ఫార్మర్ ఎలా పనిచేస్తుంది, ఎలక్ట్రికల్‌లో లెక్కలు ఎంత ఉంటాయి" అని అడిగి తెలుసుకోగలదు. ఆ సౌకర్యాన్ని ఆమె చేతిలోంచి తీసేయాలని నేను చచ్చినా చెప్పను.

అయితే మేనమామ చెప్పడానికీ ఏఐ చెప్పడానికీ ఒక తేడా ఉంది. మేనమామ చెబితే అది ఆయన మాట అని అందరికీ తెలుసు. ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉన్నాడని, అందుకే అలా అంటున్నాడని వెనకాలైనా అనుకుంటాం. నచ్చకపోతే అలిగి అన్నం మానేస్తాం. ఏఐ చెప్పిన మాట మాత్రం ఎవరి అభిప్రాయమూ కానట్టు, లోకమంతా కూర్చుని తేల్చినట్టు చెవిన పడుతుంది. అంత మర్యాదగా, అంత ఓపికగా చెప్పేదాన్ని ఎదిరించాలని పిల్లలకు అనిపించదు. ఎదిరించడానికి అక్కడ మనిషి కూడా లేడు.

ముందు మీ పాపను ఒకటి అడగండి. ఆ రోజు దాన్ని ఏమని అడిగిందో ఫోన్‌లో చూపించమనండి. తప్పు పట్టడానికని కాదు, చూడాలనుందని చెప్పండి. "ఈఈఈ (ఎలక్ట్రికల్), సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్)లలో ఏది బెస్ట్" అన్నట్టుగానే ఉంటుందని నా అంచనా. పిల్లలు ఎక్కువమంది అలాగే అడుగుతారు. బెస్ట్ అంటే ఎవరికి, దేనికి? ఎక్కువ జీతానికా, తొందరగా ఉద్యోగానికా, ఇంటికి దగ్గరగా ఉండడానికా, రోజూ ఇష్టంగా కూర్చుని చదవడానికా? కొలతలివ్వకుండా దర్జీకి బ్లౌజు గుడ్డ ఇచ్చి వస్తే ఆయన తనకు అలవాటైన సైజుకు కుట్టి పెడతాడు. ఇక్కడా అంతే జరిగింది. ఆమె కొలతలు చెప్పలేదు, అది తనకు అలవాటైన కొలతలు వేసుకుంది.

ఆ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. ఈ ఏఐలు మనుషులు రాసిపెట్టిన కోట్ల పేజీలు చదివి తయారైనవి. మన దగ్గర ఇంజనీరింగ్ గురించి రాసేదాంట్లో అధిక భాగం కంప్యూటర్ సైన్స్ గురించే. ప్యాకేజీలు, ప్లేస్‌మెంట్లు, కాలేజీల ప్రకటనలు, కోచింగ్ వాళ్ళ వీడియోలు. తెలంగాణలో ఇంజనీరింగ్ సీట్లలోనే సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని పక్క బ్రాంచీలవి. ఎక్కువమంది రాసింది, ఎక్కువమంది కోరుకున్నది జవాబులో పైకి తేలుతుంది. అది అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు. మీ పాపలాంటి చాలామందికి ఆ జవాబు సరిపోవచ్చు కూడా. కానీ అది మీ పాప గురించి చెప్పిన జవాబు కాదు. స్టార్టర్ సంగతి ఆమె దానికి చెప్పిందా? నాకు అనుమానమే.

ఇంకో సంగతి. ఇవి మన మాట తీరును బట్టి కూడా వంగుతాయి. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీకి తెచ్చిన ఒక మార్పును ఓపెన్‌ఏఐ సంస్థ కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అది మరీ పొగుడుతోందని, ఏమన్నా తల ఊపుతోందని వాడినవాళ్ళు గోల పెట్టారు, సంస్థే అది నిజమని ఒప్పుకుంది. ఆ తర్వాత చాలా సరిచేశారు గాని ఆ గుణం పూర్తిగా పోలేదు. దీన్ని మీ ఇంట్లోనే చూడొచ్చు. పాపను రెండు కొత్త చాట్లు తెరవమనండి. ఒకదాంట్లో "నాకు ఎలక్ట్రికల్ అంటే ప్రాణం, చిన్నప్పటి నుంచి మోటార్లు విప్పి చూస్తున్నాను, ఇంట్లోవాళ్ళు సీఎస్‌ఈ అంటున్నారు, ఏం చేయను" అని అడగమనండి. ఇంకోదాంట్లో "నాకు కోడింగ్ ఇష్టం, ఇంట్లోవాళ్ళు ఎలక్ట్రికల్ అంటున్నారు, ఏం చేయను" అని. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి మీ ముగ్గురూ చదవండి. మీ ఆయన కూడా కూర్చోవాలి. ఒకే అమ్మాయికి, ఒకే ర్యాంకుకు రెండు దారులూ బాగున్నట్టే కనిపించే అవకాశం ఎక్కువ. ఇక దానికే ఎక్కువ తెలుసు అన్న మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆయనే చూసుకుంటారు. మీరు వాదించాల్సిన పని ఉండదు.

ఆ తర్వాత ఫోన్లన్నీ పక్క గదిలో పెట్టి, పాప చేతికి ఒక కాగితం ఇవ్వండి. ఆమె చేతిరాతతోనే రాయాలి. నాలుగేళ్ళు ఏ సబ్జెక్టు పుస్తకం తెరవాలంటే విసుగు రాదు? హాస్టల్‌లో ఉండగలదా, వారం వారం ఇంటికి రావాలా? ఫీజు రీయింబర్స్‌మెంటు పోను మిగిలేది ఇంట్లో ఎంతవరకు కట్టగలరు? ఈ ఒక్కటీ మీ ఆయన అంకె వేసి చెప్పాలి, పిల్లకు అది దాచకూడదు. అమ్మాయిల హాస్టల్ కాలేజీలోనే ఉందా, బయట చూసుకోవాలా? డిగ్రీ అవగానే ఉద్యోగం కావాలా, ఎంటెక్‌కో గేట్‌కో వెళ్ళాలనుందా? ప్రభుత్వ ఉద్యోగం మీద మనసుందా? ఎలక్ట్రికల్ చదివినవాళ్ళకు విద్యుత్ సంస్థల్లో అసిస్టెంట్ ఇంజనీర్ పోస్టులు ఉంటాయి, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఇవన్నీ రాశాక వాటిలో ఏది ముందు, ఏది వెనక అని అంకెలు వేయమనండి. మొదటి రోజు ఏమీ తోచకపోవచ్చు. తోచకపోతే కాగితం అలాగే వదిలేసి మర్నాడు కూర్చోమనండి. పది రోజులు ఉంది కదా, ఇందులో రెండు మూడు రోజులు దీనికే పోనీ.

ఆ కాగితంలో మీరు చేయి పెట్టకండి. ఇది మీకు కొంచెం కష్టంగా ఉంటుంది. మీ ఉత్తరం చదువుతుంటే పాప ఎలక్ట్రికల్‌లోనే చేరాలని మీకు లోలోపల ఉన్నట్టనిపించింది. తాత పక్కన కూర్చున్న పిల్ల మీ కళ్ళలో ఉంది. కానీ స్టార్టర్ విప్పడం మీద ఉన్న ముచ్చట వేరు, నాలుగేళ్ళ ఎలక్ట్రికల్ చదువు వేరు. అందులో మెషీన్లతోపాటు నెట్‌వర్కులు, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్ ఉంటాయి, గణితం దండిగా ఉంటుంది. అన్నీ ఆలోచించుకుని ఆమె కంప్యూటర్ సైన్సే రాస్తే, ఏఐ చెప్పింది కాబట్టే రాసిందని అనకండి. ఫోన్ ఖాళీ చేసిన కుర్చీలో మీరు కూర్చుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

కాగితం పూర్తయ్యాక ఏఐని మళ్ళీ తెరవచ్చు. అడిగే తీరు మాత్రం మారాలి. ఏది తీసుకోవాలని అడగకుండా, "రెండో ఏడాది ఈఈఈలో ఏ సబ్జెక్టులుంటాయి, ఒక్కోదాంట్లో ఏం నేర్పుతారో ఉదాహరణతో చెప్పు" అని అడగమనండి. "నేను సీఎస్‌ఈ తీసుకుంటే ఏ విషయంలో బాధపడే అవకాశముంది" అని అడగమనండి. "ఈ కాలేజీకి వెళ్తే సీనియర్లను ఏమేం అడగాలి" అని అడగమనండి. ఇలాంటి పనికి అది చాలా బాగా పనికొస్తుంది. మీరు కూడా మైకు నొక్కి తెలుగులో అడగండి. ఫీజుల మాటలు, కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా, స్లైడింగ్ లాంటివి అర్థం కాకపోతే విడమరిచి చెప్పించుకోండి. హాల్‌టికెట్ నంబరు, ఆధార్, ఆప్షన్ల పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ మాత్రం దానికి చెప్పవద్దు. దానికి అవి అక్కర్లేదు.

ర్యాంకుల అంకెలు దాని నోటి నుంచి తీసుకోవద్దు. ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఏ కేటగిరీకి, అమ్మాయిలకు ఎంత, అబ్బాయిలకు ఎంత చివరి ర్యాంకుకు సీటొచ్చిందో కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లోనే గత ఏళ్ళ పట్టికలు పెడతారు. లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ అంటారు. దాన్ని దింపుకుని, మీ కేటగిరీ గడి కింద వేలు పెట్టి చూడాలి. ఏఐ చెప్పిన అంకె నిజంలాగే ఉంటుంది, లేని అంకెను కూడా అదే ధీమాతో చెబుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన పాత తీర్పులను కోర్టుకు సమర్పించారు. తీరా చూస్తే అలాంటి కేసులే లేవు. జడ్జి వాళ్ళకు, వాళ్ళ సంస్థకు కలిపి 5 వేల డాలర్ల జరిమానా వేశారు. యంత్రం చెప్పిందన్న మాట అక్కడ చెల్లలేదు.

పాత పట్టికలను కూడా కళ్ళు మూసుకుని నమ్మకూడదు. రాష్ట్ర విభజన చట్టం ప్రకారం పదేళ్ళపాటు 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ (స్థానికులకని కేటాయించని) సీట్లకు ఆంధ్రప్రదేశ్ విద్యార్థులూ పోటీ పడేవారు. 2025–26 ప్రవేశాల నుంచి తెలంగాణ ఆ నిబంధన మార్చింది. కాబట్టి 2024 చివరి ర్యాంకులను, ఆ తర్వాతి ఏడాదివాటిని ఒకే గాటన కట్టడం కుదరదు. మీ పాప వాడుతున్న ఏఐ చదివిన పేజీలు ఏ ఏటివో మనకు తెలియదు. ఏ ఏడాది పట్టికో, అప్పటి నిబంధన ఏమిటో మీరు చూసుకోవాల్సిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అది ఆప్షన్ల వరుస. మీ జవాబంతా దీనిలోనే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చదవండి, పాపతోనూ చదివించండి.

సీట్లు కేటాయించే కంప్యూటర్ ర్యాంకుల వరుసలో పోతుంది. మీ పాప వంతు వచ్చేసరికి ఆమె రాసిన లిస్టును పై నుంచి చూస్తుంది. మొదటి ఆప్షన్‌లో ఆమె కేటగిరీకి సీటుంటే ఇచ్చేస్తుంది. లేకపోతే రెండోది, అదీ లేకపోతే మూడోది. అంతే. పైన దొరకని కాలేజీ పెట్టినంత మాత్రాన కిందవాటిలో అవకాశం తగ్గదు. చాలామంది ఇది తెలియక, "ఆ కాలేజీ మన ర్యాంకుకు రాదులే, పైన పెడితే ఆప్షన్ వృథా" అని దొరికేవాటిని పైకి, ఇష్టమైనవాటిని కిందికి రాస్తారు. ఆ తర్వాత ఇష్టమైన కాలేజీలో తమకన్నా వెనక ర్యాంకువాళ్ళకు సీటొచ్చిందని తెలిసి బాధపడతారు. అప్పటికి చేసేదేమీ ఉండదు. పైన రాసింది దొరికాక కంప్యూటర్ కిందికి చూడదు.

అంటే ఆ లిస్టులో రాయాల్సింది నిఖార్సయిన ఇష్టమే. ఎక్కువ కావాల్సింది పైన, తక్కువ కావాల్సింది కింద. ఇందులో ఏ తెలివితేటలూ, ఎత్తులూ పనికిరావు, అవసరమూ లేదు. ఏఐ అంచనాలు కడుతుంది. మీ ర్యాంకుకు ఏవి దొరకొచ్చో చెప్పగలదు. ఆ అంచనా ఒక్కదానికి పనికొస్తుంది: లిస్టు మరీ పొట్టిగా ఉందా, అడుగున ఖాయంగా దొరికేవి కొన్ని ఉన్నాయా అని చూసుకోవడానికి. ఎన్నైనా ఆప్షన్లు పెట్టుకోవచ్చు కాబట్టి ఆ భయం ఉంటే ఇంకో పది కలపండి. రెండు కాలేజీల మధ్య ఏది పైన, ఏది కింద అన్నది మాత్రం అంచనాకు సంబంధించింది కాదు. అది పూర్తిగా మీ పాపది. ఇప్పుడు ఆమె దగ్గరున్న లిస్టులో ఆ వరుస ఏఐ వేసింది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది అదే. కాలేజీల పేర్లు అది ఇచ్చినా ఫర్వాలేదు. వరుస మాత్రం చెరిపేసి, చేతిరాత కాగితం పక్కన పెట్టుకుని ఆమే మళ్ళీ రాయాలి.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. సీటొచ్చినా చేరేది లేదనుకునే కాలేజీని లిస్టు నిండడం కోసం పెట్టకూడదు. కౌన్సెలింగ్ రెండో విడతకు వెళ్తే, చేతిలో ఉన్న సీటుకన్నా నిజంగా మెరుగనుకున్నవే రాయాలి. రెండో విడతలో కొత్త సీటు వస్తే పాతది వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది, తిరిగి అడిగే హక్కుండదు. ఊరికే చూద్దామని పెట్టి ఉన్నది పోగొట్టుకున్న పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు.

లిస్టు అయ్యాక పై నాలుగు ఆప్షన్ల గురించి పాపను మీ దగ్గర కూర్చుని చెప్పమనండి. ఇది ఎందుకు మొదట, దాని తర్వాత ఇది ఎందుకు అని. తెలుగులో, మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టు. ఇది పరీక్ష అన్న ముఖం పెట్టకండి. ఆమె చెప్పిన కారణం మీకు నచ్చనక్కర్లేదు. "నా ఫ్రెండ్ అక్కడ చేరుతోంది, నాకు ఒంటరిగా భయం" అన్నా అది ఆమె కారణమే, గౌరవించాల్సిందే. "అదే కరెక్టని చెప్పింది" తప్ప ఇంకేమీ రాకపోతే మాత్రం ఆ లైను దగ్గర ఇంకో రోజు ఆగండి. వీలైతే పైన రాసిన కాలేజీల్లో ఒక్కదానికైనా ఆమెను బస్సులో తీసుకెళ్ళండి. క్యాంటీన్ దగ్గర రెండో ఏడాది అమ్మాయిలు దొరుకుతారు. ల్యాబులు ఎలా ఉన్నాయి, సార్లు క్లాసుకు వస్తారా, హాస్టల్‌లో నీళ్ళు, తిండి ఎలా ఉంటాయి, చీకటి పడ్డాక బస్సుంటుందా? ఈ ప్రశ్నలకు జవాబులు ఏ ఏఐ దగ్గరా లేవు.

డ్రెస్సులు, మెసేజీల గురించి కూడా అడిగారు. వాటిని చిన్న విషయాలని వదిలేయలేదంటే మీరు సరిగ్గానే పట్టుకున్నారని నా నమ్మకం. సొంతంగా తేల్చుకునే అలవాటు అలాంటి చిన్నవాటి మీదే ఏర్పడుతుంది. ఏ రంగు కట్టుకోవాలో తప్పు చేస్తే పోయేదేమీ లేదు, కాబట్టి అభ్యాసానికి అది మంచి చోటు. స్నేహితురాలికి ఏం రాయాలో తెలియక పది నిమిషాలు తల్లడిల్లి, చివరికి వంకరటింకరగా సొంత మాటలు రాయడంలోనే స్నేహం ఉంది.

అలవాటు తప్పితే ఏమవుతుందో చెప్పడానికి పోలండ్‌లో జరిగిన ఒక పరిశోధన ఉంది. నాలుగు కేంద్రాల్లో పెద్దపేగు పరీక్షలు చేసే డాక్టర్లు, ఒక్కొక్కరు 2 వేలకు పైగా పరీక్షలు చేసిన అనుభవజ్ఞులు. వాళ్ళకు గడ్డలను పట్టి చూపే ఏఐ ఇచ్చారు. అది రాకముందు వాళ్ళు సొంతంగా చేసిన పరీక్షల్లో 28.4 శాతంలో గడ్డలు కనిపెట్టేవారు. దానికి అలవాటుపడ్డాక, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఆ లెక్క 22.4 శాతానికి తగ్గింది. 2025 ఆగస్టులో లాన్సెట్ కుటుంబంలోని ఒక వైద్య పత్రికలో ఇది వచ్చింది. ఒక్క పరిశోధనతో అంతా తేల్చేయలేం. అయినా ఏళ్ళ తరబడి చేయి తిరిగిన డాక్టర్ల చూపే కొన్ని నెలల్లో అలా మారే వీలుంటే, ఇంకా అలవాటే పూర్తిగా ఏర్పడని 18 ఏళ్ళ పిల్ల సంగతి మనం ఆలోచించాలి కదా.

రాత్రి కబుర్ల గురించి అంత కంగారు పడకండి. మాట వినేదాని మీద మనిషికి మమకారం పుట్టడం కొత్తేమీ కాదు. 1966లో అమెరికాలోని ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు ఎలైజా అనే చిన్న ప్రోగ్రామ్ రాశారు. మనం టైపు చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ రాదు. అది తయారవుతుండగా పక్కనే ఉండి చూసిన ఆయన సెక్రటరీ కూడా, కాసేపు దానితో మాట్లాడాక, కొంచెం బయటకు వెళ్తారా అని ఆయన్నే అడిగారట. ఇప్పటివి అంతకన్నా ఎన్నో రెట్లు తెలివిగా మాట్లాడతాయి. మీ పాప వాటితో మాట్లాడుతోందంటే ఆమెకు చెప్పుకోవాల్సినవి ఉన్నాయన్నమాట. మీరు కొన్నాళ్ళు రాత్రి పడుకునే ముందు ఆమె పక్కన కూర్చోండి. సలహాలు చెప్పకండి, తీర్పులివ్వకండి, ఊరికే వినండి. అది విన్నంత ఓపికగా వినడం మనకు కష్టమే, అయినా ప్రయత్నించండి. ఆమె నిద్ర మానేసినా, మనుషులతో మాట్లాడడమే తగ్గించేసినా, దిగులుగా ఉంటున్నా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

ఇక మీ ఆయన. ఆయన పిల్ల మంచి కోరి మాట్లాడుతున్నారని గుర్తు పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే "నాన్నా, నీ మాట విని చెడిపోయాను" అన్న మాట పడాల్సి వస్తుందేమోనని చాలామంది తండ్రులకు భయం. యంత్రం చెప్పిందంటే ఆ బరువు దిగినట్టుంటుంది. కానీ నాలుగేళ్ళు ఆ బెంచీ మీద కూర్చునేది ఆమె, ఫీజు కట్టేది ఆయన. యంత్రం ఏదీ పంచుకోదు. యంత్రానికి ఎక్కువ తెలుసని ఆయన అంటే, మన తెలంగాణలోనే జరిగింది చెప్పండి. ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలన్నీ కలిపి, ఎవరు ఏ పథకానికి అర్హులో తేల్చే సమగ్ర వేదిక అనే కంప్యూటర్ వ్యవస్థను ఇక్కడ వాడారు. అది ఒకరి వాహనాన్ని అదే పేరున్న ఇంకొకరి ఖాతాలో చూపించిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. రేషన్ కార్డుల రద్దు మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను మనుషులు వెళ్ళి మళ్ళీ పరిశీలించాలని 2022లో కోర్టు చెప్పింది. రద్దయినవన్నీ తప్పని కాదు. కానీ ఒక ఇంట్లో ఏముందో తెలియాలంటే గడప దాకా వెళ్ళి చూడాల్సి వచ్చింది.

యూరప్ దేశాలు 2024లో చేసిన ఏఐ చట్టం కూడా విద్యాసంస్థల్లో ప్రవేశాలు తేల్చే ఏఐని ప్రమాదం ఎక్కువున్న కోవలో పెట్టింది. అలాంటి వ్యవస్థ చెప్పినదాన్ని పక్కన పెట్టగలిగే మనిషి ఉండాలంది. యంత్రం చెప్పింది కదా అని మరీ నమ్మేసే మన అలవాటు గురించి హెచ్చరిక కూడా ఆ చట్టంలోనే రాసింది. సంస్థలకు చట్టం పెట్టిన నియమాన్ని మీ ఇంట్లో పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ ఇంట్లో ఆ మనిషి మీ పాప.

ఆప్షన్ల పాస్‌వర్డ్ ఆమె దగ్గరే ఉండనివ్వండి, నెట్ సెంటర్‌కు వెళ్ళినా టైపు చేసేది ఆమే కావాలి. గడువు చివరి రోజు దాకా ఆగకండి, ఆ రోజు సైట్ మెల్లగా నడుస్తుంది. ఆప్షన్లను ఫ్రీజ్ (ఖరారు) చేసే ముందు ప్రింట్ తీసి, కాగితంలో ఆమె రాసిన వరుసతో ఒక్కో లైనూ కలిపి చూడండి. 2025లో పెట్టినట్టు నమూనా సీట్ల కేటాయింపు ఈసారీ ఉంటే, దాన్ని చూసి మీ ఆయన గాభరాపడి వరుస మార్చేయమనవచ్చు. మార్చాలో వద్దో పాపనే అడగండి. సీటొచ్చాక, ఏ బ్రాంచి అయినా సరే, నాకు రాయండి.